పగిలిన శబ్దంతో తొలి ఎలక్ట్రానిక్స్ పాఠం

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. విద్యార్థుల పేజీలో సెలవుల్లో చేసుకోదగిన ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టుల గురించి మీరు అప్పుడప్పుడు ప్రచురించే రచనలను నేను శ్రద్ధగా చదువుతాను. వాటిలో ఎక్కువ భాగం ఒకే దారిలో నడుస్తాయి. ఒక కిట్టు కొనాలి, బోర్డుకు వైర్లు తగిలించాలి, ఎవరో రాసి పెట్టిన ప్రోగ్రామును ఎక్కించాలి, చివరికి ఒక దీపం వెలగాలి లేదా రెండు చక్రాలు తిరగాలి. ఆ పనిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఎలక్ట్రానిక్స్‌లో ఓనమాలు దిద్దుకుంటున్న పిల్లవాడికి అంతకంటే చవకైన, అంతకంటే లోతైన పని ఇంకొకటి ఉంది. ఇప్పటికే పనిచేస్తున్న ఒక చిన్న పరికరాన్ని విప్పి, అందులో ఒక్క భాగాన్ని మార్చి, వచ్చిన తేడాను తన చెవులతో తానే వినడం ఆ పని. గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య కాలి దగ్గర పెట్టుకుని శబ్దాన్ని గరగరలాడించే చిన్న డబ్బా ఒకటుంది, దాన్నే ఫజ్ పెడల్ అంటారు; ఈ పనికి దాన్ని మించిన వస్తువు నాకు కనపడలేదు. ఈ మాట ఎందుకంటున్నానో కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుని రిటైరైన వాణ్ణి. డిప్లొమా పిల్లలందరూ తప్పనిసరిగా చేసే ప్రయోగం ఒకటుంది, ఆర్‌సీ కపుల్డ్ కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్, అంటే చిన్న సిగ్నల్‌ను ట్రాన్సిస్టర్‌తో పెంచే సర్క్యూట్. ఫంక్షన్ జనరేటర్ నుంచి సైన్ తరంగాన్ని ఇచ్చి, తరంగాన్ని గీతగా చూపే సీఆర్‌ఓ తెర మీద అవుట్‌పుట్‌ను చూస్తూ ఇన్‌పుట్‌ను పెంచుకుంటూ పోతే, ఒకచోట ఆ తరంగం కొసలు కత్తెర వేసినట్టు చదునైపోతాయి. ‘అక్కడ ఆపండి, కాస్త వెనక్కి రండి, ఆ తర్వాతే రీడింగులు రాసుకోండి’ అని ప్రతి బ్యాచ్‌కూ చెప్పాను. ఎందుకలా తెగిందని అడిగిన వాడి చేత ‘డిస్టార్షన్’ అనే మాటను రికార్డులో రాయించానే గాని, అది ఎలా ఉంటుందో ఒక్కరికీ వినిపించలేదు. ఫజ్ పెడల్ సరిగ్గా మేము వెనక్కి రమ్మన్న చోటునుంచే మొదలవుతుంది.

గిటారు తీగ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను ట్రాన్సిస్టర్ ఎన్నో రెట్లు పెంచుతుంది. కానీ 9 వోల్టుల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఆ 9కి పైకీ, సున్నాకు కిందికీ పోలేదు కాబట్టి, అంతకు మించి ఎగరబోయిన తరంగం అక్కడే తెగిపోతుంది. నున్నని తరంగం తెగి గోడల్లా నిలబడితే అందులో పై స్వరాలు బలంగా పుట్టుకొస్తాయి. 110 హెర్ట్జ్ దగ్గర మోగే అయిదో తీగను మీటితే, దాని వెంట 220, 330, 440 అంటూ మెట్లు మెట్లుగా ఉన్నవన్నీ గొంతెత్తుతాయి. మన చెవికి అది బొంగురుగా, గరగరలాడుతూ, తేనెపట్టు కదిలించినట్టు వినిపిస్తుంది. దోషమని మనం పాఠం చెప్పినదాన్నే సంగీతకారులు కావాలని కొనుక్కుంటున్నారన్న మాట.

నిజానికి ఈ శబ్దం పుట్టిందే ఒక మరమ్మతు కేసుగా. అమెరికాలోని నాష్‌విల్‌లో గాయకుడు మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుండగా మిక్సింగ్ బోర్డులో ఒక చానల్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బాస్ గిటారు శబ్దం పగిలిపోయి వచ్చింది. దాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచారు. 1961లో ఆ పాట విడుదలయ్యాక ఆ శబ్దం ఎక్కడిదని అందరూ అడగసాగారు. అప్పటి రికార్డింగ్ ఇంజినీరు గ్లెన్ స్నాడీ అదే శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో తెప్పించే సర్క్యూట్‌ను తయారుచేయగా, గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో మేస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత 1966లో లండన్‌లోని ఆర్బిటర్ సంస్థ ఫజ్ ఫేస్ అనే గుండ్రటి పెడల్‌ను తెచ్చింది, గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ దాన్ని ప్రపంచానికి వినిపించాడు. నేను పాఠానికి పనికొస్తుందంటున్నది ఈ ఫజ్ ఫేస్ సర్క్యూటే.

ఎందుకంటే దాన్ని విప్పి లెక్కపెడితే లోపల ఉన్నవి పదకొండు భాగాలే. ట్రాన్సిస్టర్లు రెండు, రెసిస్టర్లు నాలుగు, కెపాసిటర్లు మూడు, చేత్తో తిప్పే కంట్రోళ్లు రెండు. ఐసీ లేదు, ప్రోగ్రాము లేదు. ప్రతి భాగం ఏం చేస్తుందో పదో తరగతి పిల్లవాడికి ఒక సాయంత్రంలో చెప్పవచ్చు, ఒక్కొక్కటి మార్చి మరుసటి సాయంత్రంలో వినిపించవచ్చు. ఇలాంటి పరికరాన్ని ఇంకొకదాన్ని చూపించమంటే నాకు కష్టమే.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. చర్చిలో గిటారు వాయించే మా మనవడు, ఒక ఆర్కెస్ట్రా కళాకారుడి దగ్గర ఈ సర్క్యూట్‌కు నకలుగా తయారైన పెడల్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. లోపల బీసీ108 సిలికాన్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. వారం తిరగకుండానే ‘తాతయ్యా, లావు తీగలు వాయిస్తే బురదలో నడిచినట్టుంది’ అని ఫిర్యాదు తెచ్చాడు. ముందు దేన్నీ విప్పవద్దనీ, ఉన్నది ఉన్నట్టు కొలవమనీ చెప్పి మల్టీమీటర్ చేతికిచ్చాను. నల్ల ప్రోబ్‌ను గ్రౌండుకు, అంటే బ్యాటరీ నెగెటివ్ వైపుకు పట్టి, ఎర్ర ప్రోబ్‌తో ఒక్కొక్క కాలునూ తాకి కాగితం మీద రాసుకున్నాడు. ట్రాన్సిస్టర్‌కు ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లుంటాయి; రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ దగ్గర 0.7 వోల్టులు వచ్చింది, కలెక్టర్ దగ్గర 3 వోల్టులు వచ్చింది.

ఆ రెండంకెల నుంచి పాఠం దానంతటదే నడిచింది. ఎమిటర్‌కూ గ్రౌండుకూ మధ్య ఉన్నది 1 కిలోఓము ఫజ్ కంట్రోలు, 0.7 వోల్టులను 1 కిలోఓముతో భాగిస్తే 0.7 మిల్లీఆంపియర్లు. దాదాపు అదే కరెంటు కలెక్టర్ వైపున్న 8.2 కిలోఓములు, 330 ఓములు కలిసిన దారిగుండా వస్తోంది కాబట్టి అక్కడ సుమారు 6 వోల్టులు పడిపోతోంది. 9లోంచి 6 పోతే 3. తరంగం పైకీ కిందికీ సమానంగా ఊగడానికి కలెక్టర్ సగం దగ్గర, అంటే 4.5 వోల్టుల దగ్గర ఉంటే మేలనుకుంటే, ఆ 8.2 కిలోఓముల రెసిస్టర్ బదులు ఎంతది ఉండాలి? మనవడు లెక్క కట్టి 6.1 కిలోఓములన్నాడు. బూడిద, ఎరుపు, ఎరుపు గీతలున్న ఆ రెసిస్టర్‌ను తీసేసి, ఆ స్థానంలో 10 కిలోఓముల ప్రీసెట్, అంటే తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్ పెట్టి, చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పుకుంటూ మీటర్ 4.5 చూపించిన చోట ఆపాడు. ప్రీసెట్‌ను బయటికి తీసి కొలిస్తే 6 కిలోఓముల చిల్లర ఉంది. ఓమ్ సూత్రం తాను రాసిన కాగితం మీదనుంచి లేచి మీటర్‌లోకి వచ్చి కూర్చోవడం చూసినప్పుడు వాడి ముఖం ఎలా ఉందో, ముప్పై ఏళ్ల ల్యాబ్‌లో నేను చాలా అరుదుగా చూశాను.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రీసెట్‌ను ఇంకా తిప్పి 8 వోల్టుల దాకా తీసుకెళ్తే శబ్దం నిలవక, బ్యాటరీ అయిపోవచ్చిన రేడియోలా తుంపులు తుంపులుగా వచ్చి చప్పున ఆగిపోతుంది. నాకది చెడిపోయిన పరికరం. వాడికి అదే నచ్చింది. చివరికి ఆ ప్రీసెట్‌ను తీసేసి, డబ్బాకు రంధ్రం చేసి, బయటనుంచి తిప్పే కంట్రోలు పెట్టుకున్నాడు. సరైన విలువ ఒకటే ఉంటుందని నేర్పిన నాకు అది కొంచెం ఇబ్బందిగానే తోచింది గాని, విలువ మారితే ఏమవుతుందో తెలిసి మార్చిన వాణ్ణి తప్పుపట్టడం ఎలా?

బురద సంగతి తేలింది ఇన్‌పుట్ కెపాసిటర్ దగ్గర. అక్కడ 2.2 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ ఉంది. దానిలోంచి లావు తీగల బరువంతా లోపలికి వచ్చి, ముందుగా అదే తెగి, మిగతా స్వరాలను ముంచేస్తోంది. ప్రతిసారీ టంకం వేసి తీస్తే పీసీబీ ట్రాక్ లేచిపోతుంది కనుక, ఐసీలను గుచ్చే సాకెట్‌ను, అంటే ఐసీ బేస్‌ను, రెండు కాళ్ల ముక్కగా కోసి అక్కడ అతికించి, కెపాసిటర్లను మందుబిళ్లల్లా మార్చి మార్చి గుచ్చి చూశాం. 105 అని రాసి ఉన్న 1 మైక్రోఫారడ్‌తో పెద్ద తేడా తెలియలేదు. 104 అని ఉన్న 0.1తో తీగ తీగా విడివిడిగా వినిపించింది. 473 అని ఉన్న 0.047తో ఇంకా పలచనై, ఒంటరి స్వరాలకు బాగున్నా తాళం వాయించడానికి బక్కచిక్కిపోయింది. ఆ కెపాసిటర్ల మీది మూడంకెలను ఎలా చదవాలో మా విద్యార్థులకు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వీడికి మాత్రం ఒక్కసారికే వచ్చేసింది, ఎందుకంటే అంకె మారితే పాట మారుతోంది. ఏది బాగుందో చెప్పమని మా ఆవిడను అడిగితే, తలుపు వేసుకోమని చెప్పింది.

పొరపాట్లు కూడా ఇందులో మంచి గురువులే. పాత బీసీ108 బదులు, మన ఊళ్లలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా టీ ఖర్చుకు లోపే దొరికే బీసీ547 పెట్టి చూద్దామనుకున్నాడు. బీసీ108 లోహపు టోపీకి పక్కన చిన్న ముక్కు ఉంటుంది, దాని పక్క కాలు ఎమిటర్. బీసీ547 చదును ముఖాన్ని మనవైపు తిప్పి కాళ్లు కిందికి పెడితే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. వీడు మధ్య కాలు ఎలాగూ బేసే కదా అని మిగతా రెండూ తారుమారు చేశాడు. విచిత్రమేమంటే శబ్దం పూర్తిగా పోలేదు, జ్వరం వచ్చినవాడి గొంతులా నీరసించింది. తలకిందులుగా పెట్టినా ట్రాన్సిస్టర్ ఎంతో కొంత పనిచేస్తుందనీ, దాని గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే సామర్థ్యం, మాత్రం అడుగంటుతుందనీ పుస్తకంలో ఒక వాక్యంగా ఉండే విషయం ఆ రోజు మాకు వినపడింది. ఇందులో కాలిపోయేదేమీ లేదు; మొత్తం సర్క్యూట్ లాగే కరెంటు 1 మిల్లీఆంపియర్ దరిదాపుల్లోనే ఉంటుంది. పెడల్ మీద వెలిగే ఎల్‌ఈడీ దానికంటే ఎక్కువ తాగుతుంది.

మొదటి ఫజ్ ఫేస్‌లలో వాడినవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటి శబ్దం మెత్తగా ఉంటుందని, గిటారు మీది వాల్యూమ్ తగ్గిస్తే చక్కగా తేరుకుంటుందని వాయించేవారు చెబుతారు. అది నిజమే గాని మన ఎండల్లో వాటితో పేచీ ఉంది. జెర్మేనియంలో లీకేజీ కరెంటు వేడితో బాగా పెరుగుతుంది. ఉదయం సరిగ్గా పెట్టుకున్న వోల్టేజి మే నెల మధ్యాహ్నం షామియానా కింద అక్కడే ఉంటుందన్న హామీ లేదు. వాటిని కొనడంలో ఇంకో చిక్కూ ఉంది. ఆన్‌లైన్‌లో ఒకచోట జెర్మేనియం అని తెప్పించిన జతను మల్టీమీటర్ డయోడ్ స్థానంలో పెట్టి చూస్తే 0.65 చూపించింది. నిజమైన జెర్మేనియం 0.2, 0.3 దగ్గర ఉండాలి. పేరు చెరిపి వేరే పేరు అచ్చువేసిన సిలికాన్ ముక్కలవి. డబ్బు పోయింది గాని, సిలికాన్‌కూ జెర్మేనియంకూ తేడా ఏమిటో మనవడు ఇక జన్మలో మరచిపోడు. నా మాట వినేవారైతే మొదటిసారి చేసేవారు సిలికాన్‌తోనే మొదలుపెట్టడం మంచిది. అంతగా కోరిక ఉంటే, పాడైన పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఏసీ128 లాంటివి ఇంకా దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉన్నవారు కోఠి గుజరాతీ గల్లీలో ఓపికగా నాలుగు దుకాణాలు తిరగవచ్చు.

సిలికాన్‌తోనూ ఒక తమాషా జరిగింది. గెయిన్ బాగా ఎక్కువున్న ట్రాన్సిస్టర్లు పెట్టి, ఫజ్ కంట్రోలును చివరిదాకా తిప్పి, తీగల మీద చెయ్యి తీసేస్తే ఆంప్లిఫయర్ నుంచి సన్నగా మాటలు వినిపించాయి. మాది తెనాలి. 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విజయవాడ ఆకాశవాణిని గిటారు కేబుల్ ఏరియల్‌లా అందుకుంటే, పెడల్‌లోని మొదటి ట్రాన్సిస్టర్ దానిలోంచి మాటలను డిటెక్టర్‌లా విడదీస్తోంది. నేను విద్యార్థులకు ఏఎం డిమాడ్యులేషన్ అని విడిగా చేయించిన ప్రయోగం ఇక్కడ అడగకుండానే జరిగిపోయింది. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య 100 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్, అంటే 101 అని రాసి ఉండే పళ్లెం బిళ్ల ఒకటి టంకం పెడితే మాటలు పోయాయి, శబ్దంలోని కరకుదనం కూడా కొంత తగ్గింది.

జాగ్రత్తలు చెప్పకుండా ఈ సలహా ఇవ్వడం బాధ్యత అనిపించుకోదు. పెడల్‌ను బ్యాటరీ మీద ఉన్నంతకాలం నిర్భయంగా విప్పవచ్చు. కానీ అదే ధైర్యంతో గిటారు ఆంప్లిఫయర్‌ను విప్పకూడదు. వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్లలో వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకేశాక కూడా వాటి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండవచ్చు. అడాప్టర్ల విషయంలో ఇంట్లో పడివున్న రౌటర్ అడాప్టర్‌ను తెచ్చి గుచ్చడం మన పిల్లలకు అలవాటు. అవి సాధారణంగా 12 వోల్టులవి, మధ్య పిన్ను పాజిటివ్. పెడల్‌లలో ఎక్కువ వాటికి మధ్య పిన్ను నెగెటివ్, కావలసింది 9 వోల్టులు. విప్పినప్పుడే ఒక 1ఎన్4007 డయోడ్‌ను రక్షణగా పెట్టుకుంటే ఒక అజాగ్రత్త క్షమించబడుతుంది. పీఎన్‌పీ అనే రకం జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత పెడల్‌లలో బ్యాటరీ పాజిటివ్ వైపే గ్రౌండు, కాబట్టి వాటిని మిగతా పెడల్‌లతో కలిపి ఒకే అడాప్టర్‌కు తగిలిస్తే నేరుగా షార్టు. టంకానికి 25 వాట్ల ఐరన్ చాలు. సీసం కలిసిన టంకపు తీగతో పనిచేశాక చేతులు కడుక్కోకుండా తినకూడదు, కిటికీ తెరిచి ఉంచాలి. పెడల్ కొనేటప్పుడు కూడా, అగ్గిపెట్టెలంత చిన్నవాటిలో కాళ్లు లేకుండా బోర్డుకు నేరుగా అతికించే బుల్లి ఎస్‌ఎండీ భాగాలు ఉంటాయి కనుక వాటి జోలికి పోకుండా, కాళ్లున్న భాగాలతో చేసిన పెద్ద డబ్బా పెడల్‌నే ఎంచుకోవాలి. ఖరీదైన అసలు పాత పెడల్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి దాన్ని ముట్టుకోవద్దు.

ఎలక్ట్రిక్ గిటారు అనగానే అది కలిగినవారి పిల్లల సరదా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మా గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో చర్చి పాటల బృందాలను, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలను చూసినవారు ఆ మాట అనరు. గిటారు లేనివారు కూడా సెల్‌ఫోన్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌ను బాగా తగ్గించి ఈ సర్క్యూట్‌లోకి పంపి, తంబుర శ్రుతిని పగలగొట్టి వినవచ్చు. అది సంగీతంగా ఎలా ఉన్నా పాఠంగా బాగుంటుంది.

పిల్లలు స్వయంగా వస్తువులు చేసి చూసుకోవడానికి నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల కోసం ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తున్నారు. రానున్న అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ల్యాబ్‌లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. సంతోషమే. కానీ నేను అతిథిగా వెళ్లిన ఒక ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ మీద గుడ్డ కప్పి ఉంది, రోబో కిట్లు పోతాయేమోనని బీరువాలో తాళం వేసి ఉన్నాయి, టంకం వేసే ఐరన్ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. పాడైతే లెక్క చెప్పాల్సిన వస్తువును ఏ మాస్టారూ పిల్లల చేతికివ్వరు, అది వారి తప్పు కూడా కాదు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు కాలిపోతే లెక్క అడిగేవారెవరూ ఉండరు. టింకరింగ్ అనే మాటకు అసలు అర్థం అక్కడే ఉందని నా అభిప్రాయం.

అందువల్ల మీకు నా విన్నపం ఒకటే. విద్యార్థుల పేజీలో వారానికి అర కాలమ్ చొప్పున నాలుగు వారాలు ఈ పెడల్‌కు కేటాయించండి. మొదటి వారం ఏమీ మార్చకుండా వోల్టేజీలు కొలవడం, రెండో వారం కెపాసిటర్, మూడో వారం ప్రీసెట్, నాలుగో వారం ట్రాన్సిస్టర్. రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, పారితోషికం అక్కర్లేదు. ఒక్క షరతు మాత్రం ఉంది. సర్క్యూట్ బొమ్మను స్థలం చాలలేదని కుదించవద్దు, విలువల్లో చుక్క పెట్టవద్దు. వార్తాపత్రిక కాగితం మీద ఆ చుక్క సిరాలో కలిసిపోతే 8.2 కాస్తా 82 అవుతుంది, ఎక్కడో ఒక పల్లెలో ఒక పిల్లవాడు తన పెడల్ సరిగ్గా ఎందుకు మోగడం లేదో తెలియక తల పట్టుకుంటాడు. మేము ల్యాబ్‌లో రాసినట్టు చుక్క ఉండాల్సిన చోట అక్షరం పెట్టి, 2యూ2 అని, 8కే2 అని అచ్చువేయించండి.

భవదీయుడు,
విశ్రాంత ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్,
తెనాలి